ఆయాసాల బాలశౌరి

మా బాలశౌరి బాబాయ్‌కి కొండెక్కితే ఆయాసం వస్తుంది. అరవై దాటిన మనిషికి ఆయాసం రావడంలో వింతేముంది అంటారేమో. వింత ఆయాసంలో లేదు, ఆయన ఉద్యోగంలో ఉంది. జనాన్ని కొండెక్కించడమే ఆయన పని. మా ఊరి అడవిలో చాటుధార అని ఒక జలపాతం ఉంది, దానికి గైడు ఆయనే. ఆయన వెంట వెళ్లి జలపాతం చూడకుండా తిరిగొచ్చినవాళ్లు లేరు. ఆయన ఆయాసం చూడకుండా తిరిగొచ్చినవాళ్లూ లేరు.

చాటుధార పేరుకు తగ్గట్టే ఉంటుంది. విస్సన్నపేట రోడ్డు మీద నిలబడి చూస్తే మామిడితోటలూ వాటి వెనక గుట్టలూ తప్ప ఏమీ కనిపించదు, చప్పుడు కూడా వినిపించదు. తోటలు దాటి, తునికి చెట్ల మధ్య నుంచి ఎక్కి, చివర్లో రెండు పెద్ద రాళ్ల సందులో పక్కకి తిరిగి దూరితే అప్పుడు ఎదురుగా తెల్లగా దూకుతూ ఉంటుంది. వానలు పడ్డాక నాలుగు నెలలే దాని వైభోగం. మామిడి సీజన్ అయిపోయి ఊళ్లో పనుండని రోజులు కూడా అవే. అందుకని ఊరివాళ్లం కమిటీ పెట్టుకుని, అటవీశాఖ అనుమతి తీసుకుని, ఆదివారాలు జనాన్ని పైకి తీసుకెళ్తున్నాం. ఫోన్లు ఎత్తడం, పులిహోర పొట్లాలు కట్టడం, గుంపుతో పాటు పైకి వెళ్లి రావడం, సెప్టెంబరులో వచ్చి రసాలు ఏవండీ అని అడిగేవాళ్లకి ఓపిగ్గా సమాధానం చెప్పడం నా పని. నా ఓపిక ఎంతో మా ఇంట్లోవాళ్లని మాత్రం అడక్కండి.

బాబాయ్ ఒకప్పుడు మామిడికోత మేస్త్రి. ఆయన ముఠా దిగిందంటే సాయంత్రానికల్లా తోట తోటంతా ఖాళీ అయ్యేదని పెద్దవాళ్లు చెబుతారు. ఇప్పటికీ చేతిలో పాత చిక్కం కర్ర ఉంటుంది. కాయలు పట్టే వల ఎప్పుడో చిరిగిపోయింది, వెదురు మాత్రం మిగిలింది. ఆ కర్ర పట్టుకుని, తువ్వాలు తలకి చుట్టుకుని తోటలో నడుస్తుంటే చూడాలి ఆయన దర్జా. ఇది చిన్నరసం, అది పెద్దరసం, ఆ పక్కది మొన్నటి గాలివానకి ఒరిగిన బంగినపల్లి అంటూ చెట్లని చుట్టాల్లా పరిచయం చేస్తాడు. తోట అయిపోయి ఎత్తు మొదలవుతుంది. బాబాయ్ నడుం పట్టుకుంటాడు.

"కొంచెం ఆగండమ్మా. ఆయాసం."

"అప్పుడేనా బాబాయ్? తోట కంచె ఇంకా కనిపిస్తోంది."

"కంచెకేం, అది నడవట్లేదుగా."

అందరూ కూర్చుంటారు. గైడే కూర్చున్నాక ఎవరు మాత్రం ఏం చేస్తారు? మంచినీళ్లు తాగి, ఆయన్ని చూసి నవ్వుకుని, లేస్తారు. మళ్లీ కొంత దూరం పోయాక మళ్లీ ఆయాసం. ప్రతిసారీ ఒక కొత్త కారణం. ఒకసారి మోకాలు, ఒకసారి గుండె దడ, ఒకసారి జోజమ్మ పిన్ని రాత్రి పెట్టిన పప్పుచారు అరక్కపోవడం. ఉదయం చర్చి పూజలో ఎక్కువసేపు మోకరించానని ఒక ఆదివారం చెప్పాడు. ఆ రోజు ఆయన గుడికే రాలేదని నాకు తెలుసు, ఎందుకంటే నేను వెళ్లాను. ఇంకో రోజు చెప్పు తెగిందని కూలబడ్డాడు. నేను కిందికి చూశాను. వట్టి కాళ్లు.

"చెప్పులేవి బాబాయ్?"

"అందుకేనమ్మా, తెగిందనేగా ఇంట్లో వదిలొచ్చాను."

ఇలా కూర్చోగా కూర్చోగా దారి పొడుగునా ఆయన ఆయాసాల పేర్లే స్థిరపడిపోయాయి. మొదటి రాయి మోకాలి బండ. తర్వాతి చెట్టు దడ చెట్టు. ఆపైన పప్పుచారు మలుపు. పప్పుచారు మలుపు దగ్గర ఫోటో దిగాం అని జనం ఫోన్లో చెబుతుంటే, ఇదేం గైడురా భగవంతుడా అని నాకు తల కొట్టేసినట్టుండేది. అవతల ఫోన్లో నేను మా గైడు చాలా అనుభవం ఉన్నవాడండీ అని ఊదరగొడుతున్నానాయె.

విజయవాడ నుంచి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఒక గుంపు వచ్చారు. గుంపులో కిరణ్ కుమార్ అని ఒక లావుపాటి అబ్బాయి. ఆ రోజు బాబాయ్ ఎన్నిసార్లు కూర్చున్నాడంటే, చివరికి కుర్రాళ్లు ఆయనకి గ్లూకోజ్ నీళ్లు కలిపి పట్టారు, ఇద్దరు కాళ్లు కూడా నొక్కారు. ఆయన హాయిగా నొక్కించుకున్నాడు. కిందికి వచ్చాక కిరణ్ కుమార్ నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"అందరికంటే నేనే వెనకపడతానని భయపడ్డానండీ. నా అదృష్టం బాగుండి మీ గైడు గారు నాకంటే అధ్వాన్నం."

నేనది ఫిర్యాదనుకుని క్షమాపణ చెప్పాను.

మిగతా కుర్రాళ్లది మాత్రం అసలైన ఫిర్యాదే. వాళ్లు పోతూ పోతూ కమిటీ అధ్యక్షుడు కోటేశ్వరరావు గారికి చెప్పి మరీ పోయారు, గైడుని మేమే మోసుకొస్తామేమో అనుకున్నామండీ అని. కొండ కింద రసాల తోట కోటేశ్వరరావు గారిదే. మంచి మనిషి, పెద్ద పొట్ట. మాట పడటం ఆయనకి గిట్టదు. మర్నాడు తోటలో షెడ్డు దగ్గరికి మమ్మల్ని పిలిపించారు. అక్కడ దుర్గాప్రసాద్ కూడా ఉన్నాడు. కానిస్టేబుల్ సెలక్షన్లకని రోజూ తెల్లారకముందే కొండెక్కి దిగే కుర్రాడు, చేతికి గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే వాచీ.

"శౌరీ, నీ మీద నాకు గౌరవం ఉంది. కానీ గైడే రొప్పుతుంటే ఊరి పరువేం కాను? వచ్చే ఆదివారం నేనూ వస్తాను. ధార దగ్గరికి చేరేలోపు నువ్వు ఒక్కసారి కూర్చున్నా, ఆ పై వారం నుంచి మన ప్రసాదు తీసుకెళ్తాడు. ఏమంటావు?"

"అలాగేనండి" అన్నాడు బాబాయ్. ఏ మోకాలి గురించీ చెప్పలేదు.

సాయంత్రం జోజమ్మ పిన్ని మా గుమ్మంలో కూర్చుని కళ్లు తుడుచుకుంది.

"కాంట్రాక్టర్లు వాళ్ల ముఠాలు వాళ్లే తెచ్చుకుంటున్నారు వినీలా, కోతలకి మీ బాబాయ్‌ని పిలిచేవాడు లేడు. ఈ నాలుగు నెలలే ఆయన మనిషిలో మనిషి. మిగతా రోజులు ఆ కర్ర తుడుచుకుంటూ గోడకేసి చూస్తాడు. ఇది కూడా పోతే ఆయనతో ఎలా వేగాలో నాకు తెలీదు."

నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. రెండూ కలిపి ఆయన మీదే చూపించాను.

"ఈ ఒక్క ఆదివారం కూర్చోకు బాబాయ్. మోకాలికి పట్టీ వేసుకో. రాత్రి పప్పుచారు మానెయ్యి. ఒట్టు పెట్టు."

"ఒట్టెందుకులేమ్మా. కూర్చోకుండా ఉండటానికి చూస్తాను" అన్నాడు. వెధవ నిజాయితీ.

ఆ ఆదివారం వచ్చినవాళ్లు బాపులపాడు వైపు ఒక హైస్కూలు పూర్వ విద్యార్థులు. అందరికీ నలభై దాటాయి, సగం మందికి బట్టతలలు. వాళ్లు తమ డ్రిల్లు మాస్టారు వెంకటరమణ గారిని వెంటబెట్టుకొచ్చారు. తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు, మెడలో స్టీలు ఈల. రిటైరై చాలా ఏళ్లయినా వ్యాన్ దిగుతూనే ఈల ఊదారు. బట్టతలలన్నీ ఠక్కున వరసలో నిలబడ్డాయి.

"లావణ్యా, ఏంటా నడక? పదో క్లాసులోనూ ఇంతే, చెయ్యి ఊపవు" అన్నారు మాస్టారు. పాపం ఆవిడ ఒక కాలేజీకి ప్రిన్సిపాలు. "ఊపుతున్నాను సార్" అంది.

మాస్టారు అందరికంటే ముందు. ఆయన పక్కన బాబాయ్. వెనక పిల్లలు, అంటే పెద్దపిల్లలు. చివర్లో నేను, కోటేశ్వరరావు గారు, దుర్గాప్రసాద్. మోకాలి బండ వచ్చింది. బాబాయ్ దాని వంక చూడనైనా చూడలేదు. దడ చెట్టు వచ్చింది. తువ్వాలు సర్దుకుని నడిచాడు. నాకు కాళ్లు నేల మీద ఆగడం లేదు. కోటేశ్వరరావు గారి ముఖం మాత్రం వాడిపోయింది.

"ఏంటమ్మా ఇవాళ కూర్చోడా?" అన్నారు రొప్పుతూ.

"కూర్చోడండి. మీరేగా వద్దన్నారు."

"అనడానికేం అన్నాను" అని నుదురు తుడుచుకున్నారు.

పప్పుచారు మలుపు దాటాక దారి బాగా నిటారుగా లేస్తుంది. వేళ్లు పట్టుకుని ఎక్కాలి. దానికి ఈవల మాస్టారు ఆగారు. అప్పటిదాకా గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతున్న మనిషి, ఈల ఊదుతున్న మనిషి, ఒక చెట్టు కాండం మీద చెయ్యి ఆనించి నిలబడిపోయారు.

"ఇదేం చెట్టు?"

"తునికి చెట్టండీ" అన్నాడు బాబాయ్.

కాసేపటికి మళ్లీ, "ఇదేం చెట్టు?"

"అదేనండీ, తునికి."

"ఊఁ" అన్నారు. ఇంకొంచెం సేపు చూసి, "దీన్ని ఏమంటారు?" అన్నారు.

"సార్ ఆగారేంట్రా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. "సార్ ఆగడమేంట్రా, చెట్టు చూస్తున్నారు. మన సారు అలిసిపోవడం ఎప్పుడైనా చూశామా?" అని ఇంకొకరు. ఆ మాట విని మాస్టారు చెట్టు మీంచి చెయ్యి తీసేసి, ఛాతీ విరుచుకుని, అడుగు ముందుకు వేయబోయారు.

అంతే, బాబాయ్ కూలబడ్డాడు. మామూలుగా కాదు. కర్ర ఒక పక్క, తువ్వాలు ఒక పక్క.

"అమ్మో, జోజమ్మా... నా వల్ల కాదండీ. ప్రాణం పోతోందండీ."

నేను తల పట్టుకున్నాను. ఇంకొక్క ఎత్తు, ఆ రాళ్ల సందు, అంతే మిగిలింది. అంత దాకా వచ్చి, అధ్యక్షుల వారి కళ్లెదురుగా. దుర్గాప్రసాద్ పాపం నేల చూపులు చూశాడు. కోటేశ్వరరావు గారు "చూశావా" అని, వెంటనే తాను కూడా కూర్చున్నారు.

మాస్టారు తిరిగి చూశారు. "ఏమయ్యా, ఈ మాత్రానికేనా? సరే, నీ కోసం కూర్చుంటాను" అని పక్కనే చతికిలబడి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత గాలి ఎలా పీల్చాలో, ఎలా వదలాలో బాబాయ్‌కి నేర్పించడం మొదలుపెట్టారు. "పీల్చు. పట్టు. వదులు." ఇద్దరూ కలిసి పీల్చి, పట్టి, వదిలారు. బాబాయ్‌కి ఎంతకీ రావడం లేదు. అందుకని చాలాసేపు చేయాల్సి వచ్చింది. చివరికి మాస్టారే లేచి, బాబాయ్‌కి చెయ్యందించి లేపారు.

చాటుధార ఆ రోజు నిండుగా దూకుతోంది. మాస్టారు చొక్కా విప్పి, మెడలో ఈల తీసి ఒక కొమ్మకి తగిలించి, చిన్నపిల్లాడిలా నీళ్ల కిందికి వెళ్లి రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు. పిల్లలందరూ ఆయన వెనక వరస కట్టారు. ఎవరూ ఈల ఊదకుండానే. బాబాయ్ ఒడ్డున కూర్చుని చూస్తున్నాడు, ఉద్యోగం పోయినవాడి ముఖంలా లేదు అది.

కిందికి దిగాక షెడ్డు దగ్గర నాగేంద్రమ్మత్త టీ కాచింది. బాబాయ్ ముఠాలో గంపలు మోసిన మనిషే ఆవిడ. అందరికీ గ్లాసులు అందాక కోటేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు.

"శౌరీ, మాటంటే మాటే. వచ్చే వారం నుంచి ప్రసాదు."

"మంచిదండి" అని బాబాయ్ ఆ చిక్కం కర్ర తీసి దుర్గాప్రసాద్ చేతికిచ్చాడు. "వాన పడ్డాక వేళ్ల మీద పాచి ఉంటుంది ప్రసాదూ, ముందు దీంతో తట్టి చూడు" అన్నాడు. ఆ కర్ర ఎలా పట్టుకోవాలో తెలియక ఆ కుర్రాడు నిలబడిపోయాడు. నేను టీ గ్లాసు పక్కన పెట్టేశాను.

సరిగ్గా అప్పుడే మాస్టారు మెడ తడుముకున్నారు. ఈల లేదు. పైన కొమ్మకే ఉండిపోయింది. "పోతే పోనీండి, పాతదేగా" అన్నారు గానీ ఆ మాట ఆయనకే నచ్చలేదు. సర్వీసంతా మెడలో ఉన్న ఈల అట. "నేను తెస్తా సార్" అని దుర్గాప్రసాద్ బూట్ల లేసులు బిగించడానికి వంగాడు. అతను తలెత్తేసరికి బాబాయ్ లేడు.

"ఆయన వెళ్లాడా?" కోటేశ్వరరావు గారు కంగారుగా లేచారు. "దారిలో పడిపోతే ఎవరు మోస్తారు? ప్రసాదూ, నువ్వూ వెళ్లు."

ప్రసాదు పరిగెత్తాడు. మేం కొండ వంక చూస్తూ నిలబడ్డాం. నాగేంద్రమ్మత్త మాత్రం తాపీగా రెండో విడత టీ పెట్టింది. ఆ నీళ్లు మరిగేలోపే కొండ మీంచి ఈల వినిపించింది. దొరికిందని మాస్టారికి చెప్పడానికి కాబోలు, ఆపకుండా ఊదుతూనే దిగుతున్నాడు. తునికి చెట్ల నుంచి, మలుపు నుంచి, దడ చెట్టు దగ్గర నుంచి, ఒకటే ఈల, పొడుగ్గా, తెగకుండా. మాస్టారు గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డారు.

"ఆయాసం ఉన్నవాడు ఈల అలా ఊదలేడు" అన్నారు. "ఎంతమంది పిల్లల చేత ఊదించానో. పరిగెత్తుతూ ఒక్క గుక్కలో అంత పొడుగు ఊదినవాడు నా సర్వీసులో లేడు."

బాబాయ్ తోటలోంచి గంతులేసుకుంటూ వచ్చాడు. చాలా వెనక దుర్గాప్రసాద్, వాచీ చూసుకుంటూ, నాలుక బయటపెట్టి. బాబాయ్ ఈల మాస్టారి చేతిలో పెట్టి, అందరూ తననే చూస్తున్నారని గమనించి, అప్పుడు గుర్తొచ్చి నడుం పట్టుకున్నాడు.

"అబ్బా... ఆయాసం" అన్నాడు.

నాగేంద్రమ్మత్త పకపకా నవ్వింది.

"ఇప్పుడు తెలిసిందా మీకు? కోతల్లో ముందు గంప దించినవాళ్లని సీజన్ సీజనంతా పేరు పెట్టి ఏడిపించేవాళ్లండి. ఆ సిగ్గుకి కళ్లు తిరుగుతున్నా ఎవరూ దించేవాళ్లు కాదు. అందుకని ఎవరు తూలుతున్నారో చూసుకుని, మేస్త్రే ముందు దించేసేవాడు, నా నడుం పోయిందర్రా అని. మేస్త్రి దించాక అందరం దించేవాళ్లం. నేను నెలలు నిండిన కడుపుతో మోసిన ఏడాది ఈయన నడుం పోని రోజు లేదు. ఇక్కడా అదే చేస్తన్నాడు, అలవాటు."

నాకు కిరణ్ కుమార్ గుర్తొచ్చాడు. చెప్పు తెగిన రోజు వెనక కుంటుతూ వచ్చిన ఒక ముసలావిడ గుర్తొచ్చింది. ఆవిడ చెప్పే తెగింది.

"మరి పప్పుచారు మలుపు?" అన్నారు కోటేశ్వరరావు గారు అనుమానంగా. "అక్కడ మొదట కూర్చున్నది ప్రారంభోత్సవం రోజు కదా. ఆ రోజు ఎవరు అలిశారు?"

నాగేంద్రమ్మత్త ఆయన పొట్ట వంక చూసి, టీ వడగట్టసాగింది. కోటేశ్వరరావు గారు పొట్ట మీద చొక్కా సర్దుకున్నారు.

మాస్టారు ఈల మెడలో వేసుకున్నారు. పిల్లల వైపు తిరిగారు. ఆ ముఖంలో బయటికి రావడానికి తంటాలు పడుతున్న మాట ఏదో ఉందని అందరికీ తెలుస్తోంది.

"ఆ చెట్టు దగ్గర అలిసింది ఆయన కాదర్రా, నేను" అన్నారు. "అధ్యక్షులు గారూ, ఈయన్ని మీరు తీసేస్తే, ఈ వయసులో నేను మళ్లీ ధార ఎలా చూస్తాను?"

దుర్గాప్రసాద్ ఇంకా రొప్పుతూనే వచ్చి ఆ కర్ర బాబాయ్ చేతిలో పెట్టేశాడు. బాబాయ్ మాత్రం ఒప్పుకోలేదు. "నిజంగానే ఆయాసమండీ, మీరేదో పొరబడుతున్నారు" అని ఇప్పటికీ అంటాడు.

ఏడాది తిరిగి మళ్లీ వానలొచ్చాయి. ఇప్పుడు ముందు దుర్గాప్రసాద్ నడుస్తాడు, వెనక బాబాయ్. మొన్న ఆదివారం చలాకీ గుంపు వచ్చింది, ఎవరికీ అలుపు లేదు. మోకాలి బండ దగ్గర బాబాయ్ కూర్చోలేదు. దడ చెట్టు దగ్గరా కూర్చోలేదు. నేను ఆయన పక్కనే నడుస్తున్నాను. తోటలో చెట్లని పరిచయం చేసిన మనిషి మలుపు దగ్గరికొచ్చేసరికి మాట మానేశాడు. తునికి చెట్టు మీద చెయ్యి వేసి నిలబడి, దాన్ని ఎప్పుడూ చూడనట్టు చూస్తున్నాడు.

ఆయాసం అనలేదు. అందుకే నాకు తెలిసింది. భయం వేసింది కూడా. జన్మలో నేను ఒకరి కోసం ఆగి ఎరగను, బస్సు కోసం కూడా సణుక్కుంటూనే ఆగుతాను. రాయి మీద దబ్బున కూర్చున్నాను.

"ఆగు బాబాయ్. నాకు ఆయాసం."

"నీకా?"

"నాకే. రాత్రి పప్పుచారు తిన్నాను."

బాబాయ్ నన్ను కాసేపు పరీక్షగా చూసి, వచ్చి పక్కన కూర్చున్నాడు. కర్ర ఒళ్లో పెట్టుకున్నాడు. ఊపిరి కుదురుకోవడానికి చాలా సమయం పట్టింది ఆయనకి. ఆ తర్వాత అన్నాడు.

"నీకు చేతకాలేదమ్మాయ్. ముందు నడుం పట్టుకోవాలి. ఆయాసం అనే మాట తర్వాత రావాలి."

నేను నడుం పట్టుకున్నాను. "ఇలాగా?"

"అలాగే" అని కళ్లు మూసుకున్నాడు. "ఇంకాసేపు చెయ్యి."